బాక్టీరియాలలో సిద్ధబీజోత్పత్తి - జన్యు నియంత్రణ

కొన్ని బాక్టీరియాలు ఆహారం కరవైనపుడు సాధారణ జీవనాన్ని విడిచి, గట్టి పొరలు గల సిద్ధబీజాలుగా మారతాయి. ఈ మార్పులో ఏ జన్యువు ఎప్పుడు, కణంలోని ఏ భాగంలో పనిచేయాలో నిర్ణయించే ఏర్పాటును సిద్ధబీజోత్పత్తి జన్యు నియంత్రణ అంటారు. ఈ విషయంలో అత్యధికంగా పరిశోధింపబడినది నేలలో నివసించే బాసిల్లస్ సబ్టిలిస్ అనే హానిలేని బాక్టీరియా. దాని దగ్గరి బంధువైన బాసిల్లస్ ఆంత్రాసిస్ పశువులకు, మనుషులకు ఆంత్రాక్స్ వ్యాధిని కలిగిస్తుంది. ఈ వ్యాధినే తెలుగునాట దొమ్మ రోగం అని వ్యవహరిస్తారు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో జీవాలను పెంచేవారికి ఇది కొత్త వ్యాధి కాదు. చనిపోయిన పశువును కోయరాదన్న పశువైద్యుల హెచ్చరికకు మూలం ఈ జన్యు నియంత్రణలోనే ఉన్నది.

సిద్ధబీజ నిర్మాణం

బాక్టీరియా సిద్ధబీజం కణం లోపలే తయారవుతుంది కనుక దానిని అంతస్సిద్ధబీజం అని కూడా అంటారు. ఫెర్న్, శిలీంధ్రాల సిద్ధబీజాల వలె ఇది సంతానోత్పత్తి సాధనం కాదు. ఒక కణం నుండి ఒకే సిద్ధబీజం వస్తుంది. కనుక సంఖ్య పెరగదు, ప్రాణం మాత్రం నిలుస్తుంది.

సిద్ధబీజం నడిమి భాగంలో డి.ఎన్.ఏ ఉంటుంది. అక్కడ నీరు చాలా తక్కువ. డైపికొలినిక్ ఆమ్లం అనే పదార్థం కాల్షియంతో కలిసి ఆ భాగంలో దట్టంగా పేరుకొని ఉంటుంది. చిన్న ప్రోటీనులు కొన్ని డి.ఎన్.ఏను అంటిపెట్టుకొని దానిని కాపాడతాయి. దీని చుట్టూ వల్కలం అనే మందమైన పొర, దాని పైన ప్రోటీను కవచం ఉంటాయి. ఇందువలన సిద్ధబీజం ఎండను, ఎద్దడిని, అనేక రసాయనాలను తట్టుకొంటుంది. నీటిని మరిగించినంత మాత్రాన సిద్ధబీజాలన్నీ చావవు. అందుకే ఆసుపత్రులలో పరికరాలను ఆటోక్లేవులో 121° సెల్సియస్ వద్ద, పీడనంతో కూడిన ఆవిరిలో సుమారు 15 నిమిషాలు ఉంచుతారు.

పరిశోధన చరిత్ర

జర్మనీకి చెందిన ఫెర్డినాండ్ కోన్ 1876లో బాసిల్లస్ సబ్టిలిస్ సిద్ధబీజాలను వర్ణించాడు. అదే సంవత్సరం రాబర్ట్ కోఖ్ ఆంత్రాక్స్ బాక్టీరియా జీవిత చక్రాన్ని ప్రకటించి, అది సిద్ధబీజాలుగా మారి, తిరిగి మొలకెత్తి వ్యాధి కలిగించగలదని చూపాడు. పశువులు లేని కాలంలో కూడా కొన్ని పచ్చిక బయళ్ళు ఎందుకు ప్రమాదకరంగా ఉంటున్నాయన్న ప్రశ్నకు దీనితో సమాధానం లభించింది.

1960లలో పారిస్‌లోని శాస్త్రజ్ఞులు సిద్ధబీజోత్పత్తిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి, దశలుగా విభజించారు. సిద్ధబీజం ఏర్పరచలేని ఉత్పరివర్తకాలకు, అవి ఏ దశలో ఆగిపోయాయో ఆ దశ సంఖ్యతో పేరు పెట్టారు. స్పో-0 అని మొదలయ్యే జన్యువు చెడిపోతే కణం మొదటి అడుగే వేయదు. స్పో-2 జన్యువు చెడిపోతే రెండవ దశలో ఆగిపోతుంది. ఈ వ్యాసంలో స్పో అని మొదలయ్యే ప్రోటీనుల పేర్లు ఈ పద్ధతిలో వచ్చినవే. అమెరికాకు చెందిన రిచర్డ్ లోసిక్, జేమ్స్ హాక్, ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిక్ స్ట్రాజియే ఈ రంగంలో ముఖ్యులు. బాసిల్లస్ సబ్టిలిస్ పూర్తి జన్యుక్రమం 1997లో, ఆంత్రాక్స్ బాక్టీరియా జన్యుక్రమం 2003లో వెలువడ్డాయి.

సిగ్మా కారకాలు

జన్యువులోని సమాచారాన్ని ఆర్.ఎన్.ఏగా నకలు తీయడాన్ని అనులేఖనం అంటారు. ఈ పనిని ఆర్.ఎన్.ఏ పాలిమరేజ్ అనే ఎంజైము చేస్తుంది. అయితే నకలు ఎక్కడ మొదలుపెట్టాలో ఈ ఎంజైము తనంతట తాను గుర్తించలేదు. సిగ్మా కారకం అనే ప్రోటీను దానికి తోడై, జన్యువు ముందుండే ప్రమోటరు అనే భాగాన్ని చూపిస్తుంది. ఒక్కొక్క సిగ్మా కారకం ఒక్కొక్క తరహా ప్రమోటరును మాత్రమే గుర్తుపడుతుంది. అందువలన సిగ్మా కారకం మారితే ఒకేసారి పదుల కొద్దీ, వందల కొద్దీ జన్యువుల పని మారిపోతుంది.

సాధారణ పెరుగుదలలో సిగ్మా-ఎ పనిచేస్తుంది. సిద్ధబీజోత్పత్తిలో ఈ క్రింది కారకాలు వరుసగా రంగంలోకి వస్తాయి:

* సిగ్మా-హెచ్ - విభజనకు ముందు, కణమంతటా
* సిగ్మా-ఎఫ్ - విభజన తరువాత, చిన్న గదిలో
* సిగ్మా-ఇ - విభజన తరువాత, పెద్ద గదిలో
* సిగ్మా-జి - చిన్న గదిని పెద్దది మింగిన తరువాత, చిన్న గదిలో
* సిగ్మా-కె - చివరి దశలో, పెద్ద గదిలో

నిర్ణయం: స్పో-0ఎ

సిద్ధబీజంగా మారడం ఖర్చుతో కూడిన పని. బాసిల్లస్ సబ్టిలిస్‌లో దీనికి ఏడెనిమిది గంటలు పడుతుంది. ఆ లోపల ఆహారం దొరికితే, మారకుండా ఉన్న పొరుగు కణాలు విభజన చెంది ముందుకు పోతాయి. మరీ ఆలస్యం చేస్తే, సిద్ధబీజం కట్టడానికి కావలసిన శక్తి మిగలదు. కనుక ఈ నిర్ణయం తొందరపాటుకు తావు లేకుండా జరగాలి.

ఈ నిర్ణయానికి కేంద్రం స్పో-0ఎ అనే ప్రోటీను. దానికి ఫాస్ఫేటు తగిలినప్పుడే అది డి.ఎన్.ఏపై సమర్థంగా పనిచేస్తుంది. ఆ ఫాస్ఫేటు నేరుగా చేరదు. కైనేజులు అనే ఎంజైములు పరిస్థితులను పసిగట్టి, ముందుగా తమకు తాము ఫాస్ఫేటును తగిలించుకొంటాయి. అక్కడి నుండి అది స్పో-0ఎఫ్‌కు, తరువాత స్పో-0బికి, చివరకు స్పో-0ఎకు అందుతుంది. ఒకరి చేతి నుండి మరొకరి చేతికి కుండ అందించినట్లు సాగే ఈ వరుసను ఫాస్ఫేటు బదిలీ శ్రేణి అనవచ్చు. దీనిని 1991లో హాక్, ఆయన సహచరులు వెల్లడించారు.

ఇన్ని మెట్లు ఉండటం వలన ప్రతి మెట్టు వద్ద అడ్డుకోవడానికి వీలుంటుంది. ర్యాప్ ప్రోటీనులు స్పో-0ఎఫ్ నుండి ఫాస్ఫేటును ఊడబెరుకుతాయి. స్పో-0ఇ అనే ఎంజైము నేరుగా స్పో-0ఎ నుండే తొలగిస్తుంది. కణంలో ఆహారం సమృద్ధిగా ఉన్నంత కాలం కోడ్-వై అనే నిరోధకం కూడా సంబంధిత జన్యువులను అణచి ఉంచుతుంది. జి.టి.పి పరిమాణం పడిపోయినపుడు దాని పట్టు సడలుతుంది. అనుకూల, ప్రతికూల సంకేతాలన్నీ బేరీజు వేయబడిన తరువాతనే ఫాస్ఫేటు గల స్పో-0ఎ పెరుగుతుంది.

స్పో-0ఎ మొదట ఎబిఆర్-బి అనే నిరోధకం ఉత్పత్తిని తగ్గిస్తుంది. దానితో సిగ్మా-హెచ్ పెరుగుతుంది. సిగ్మా-హెచ్ వలన స్పో-0ఎ మరింత తయారవుతుంది. కొన్ని జన్యువులు స్పో-0ఎ కొద్దిగా ఉన్నప్పుడే స్పందిస్తాయి. సిద్ధబీజోత్పత్తికి కీలకమైనవి మాత్రం అది బాగా పేరుకొనే వరకు ఆగుతాయి. ఒకే జన్యువులు, ఒకే ద్రావణం ఉన్నా కణాలన్నీ ఆ స్థాయిని చేరవు. కొన్ని మాత్రమే సిద్ధబీజాలవుతాయి. ఈ దశలో కొన్ని కణాలు విషపదార్థాలను విడుదల చేసి, మార్పు మొదలుపెట్టని తోటి కణాలను చంపి, వాటి పోషకాలతో తమ నిర్ణయాన్ని వాయిదా వేసుకొంటాయని 2003లో కనుగొన్నారు.

అసమ విభజన: రెండు గదులు

సాధారణంగా బాక్టీరియా కణం సరిగ్గా మధ్యలో విభజన చెందుతుంది. సిద్ధబీజోత్పత్తిలో అడ్డుగోడ ఒక కొసకు దగ్గరగా ఏర్పడుతుంది. చిన్న గదిని పూర్వబీజం అంటారు. ఇదే సిద్ధబీజం అవుతుంది. పెద్ద గదిని మాతృకణం అంటారు. ఇది సిద్ధబీజాన్ని పోషించి, పొరలు కట్టి, చివరకు తాను పగిలి చనిపోతుంది. రెండింటిలోనూ ఒకే జన్యువులు ఉన్నప్పటికీ గతులు వేరు.

సిగ్మా-ఎఫ్ విభజనకు ముందే తయారై ఉంటుంది. కాని స్పో-2-ఎబి అనే కావలి ప్రోటీను దానిని పట్టి ఉంచుతుంది. గోడ ఏర్పడిన తరువాత స్పో-2-ఇ అనే ఎంజైము పూర్వబీజంలో స్పో-2-ఎఎ ప్రోటీనుపై గల ఫాస్ఫేటును తొలగిస్తుంది. ఫాస్ఫేటు పోయిన స్పో-2-ఎఎ వెళ్ళి కావలి ప్రోటీనును పట్టుకొనగా, సిగ్మా-ఎఫ్ విడుదలవుతుంది. మాతృకణంలో అది బందీగానే ఉంటుంది.

గోడ క్రోమోజోము మీదుగానే పడటం వలన మొదట క్రోమోజోములో సుమారు మూడవ వంతు మాత్రమే పూర్వబీజంలో ఉంటుంది. మిగిలిన భాగాన్ని స్పో-3-ఇ అనే ప్రోటీను పంపులాగా లోపలికి లాగుతుంది. ఈ కొద్ది వ్యవధిలో కొన్ని జన్యువులు ఒక గదిలో ఉండి మరొక గదిలో లేకపోవడం కూడా రెండు గదుల మధ్య భేదానికి తోడ్పడుతుంది.

సిగ్మా-ఎఫ్ పనిచేయగానే పూర్వబీజంలో స్పో-2-ఆర్ అనే ప్రోటీను తయారై, గోడ దగ్గరకు సంకేతం పంపుతుంది. మాతృకణంలో సిగ్మా-ఇ అసంపూర్ణ రూపంలో వేచి ఉంటుంది. ఆ సంకేతం అందగానే దాని కొస కత్తిరింపబడి, అది పనిచేసే రూపాన్ని పొందుతుంది. సిగ్మా-ఇ చేసే పనులలో ఒకటి, రెండవ కొస వద్ద మరొక గోడ ఏర్పడకుండా చూడటం. అది లేని ఉత్పరివర్తకాలలో రెండు కొసల వద్దా గోడలు పడి, మాతృకణమే మిగలక కణం నశిస్తుంది.

మింగుడు, పొరల నిర్మాణం

తరువాత మాతృకణం తన పొరతో పూర్వబీజాన్ని చుట్టుముట్టి మింగుతుంది. పూర్వబీజం ఇప్పుడు కణంలో కణంగా తేలుతుంది. ఈ మింగుడు పూర్తయిన తరువాతనే పూర్వబీజంలో సిగ్మా-జి పనిచేస్తుంది. డి.ఎన్.ఏను కాపాడే చిన్న ప్రోటీనులు, మొలకెత్తడానికి కావలసిన గ్రాహకాలు దీని ఆధీనంలో తయారవుతాయి.

సిగ్మా-జి ప్రభావంతో తయారైన స్పో-4-బి అనే ప్రోటీను మాతృకణానికి రెండవ సంకేతం. దానితో మాతృకణంలోని సిగ్మా-కె అసంపూర్ణ రూపం కత్తిరింపబడి మేల్కొంటుంది. కవచ ప్రోటీనులలో చాలా భాగం సిగ్మా-కె ఆధీనంలోనివి. బాసిల్లస్ సబ్టిలిస్‌లో సిగ్మా-కె జన్యువు రెండు ముక్కలుగా ఉండి, నడుమ సుమారు 48,000 క్షార జంటల పొడవు గల పరాయి డి.ఎన్.ఏ ఉంటుంది. మాతృకణంలో మాత్రమే ఈ ముక్క కోసివేయబడి జన్యువు అతుక్కొంటుంది. మాతృకణం ఎలాగూ చనిపోయేదే కనుక దాని క్రోమోజోములో వచ్చిన మార్పు తరువాతి తరానికి పోదు. సిద్ధబీజంలోని ప్రతి మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

మాతృకణపు జన్యువుల పనికి రైతులు ఎరిగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియాలో కీటకాలను చంపే స్ఫటిక ప్రోటీను, సిద్ధబీజంతో పాటు మాతృకణంలోనే తయారవుతుంది. దాని జన్యువులలో పలు జన్యువులు సిగ్మా-ఇ, సిగ్మా-కె ఆధీనంలో ఉంటాయి. పచ్చపురుగుపై పిచికారీ చేసే బి.టి. మందులు ఈ స్ఫటికాలు, సిద్ధబీజాల మిశ్రమమే. బి.టి. పత్తిలోని జన్యువు కూడా ఈ బాక్టీరియా నుండి గ్రహించినదే.

ఒక గది పని ముగిసిందన్న కబురు అందనిదే రెండవ గది తరువాతి పని మొదలుపెట్టదు. కట్టడంలో ఒక మెట్టు పూర్తి కానిదే తరువాతి జన్యువులు మేల్కొనవు. సిగ్మా-ఎఫ్, సిగ్మా-ఇ మేల్కొన్న తరువాత తిరిగి ఆహారం లభించినా కణం వెనుకకు మళ్ళదు.

ఆంత్రాక్స్ బాక్టీరియాలో

బాసిల్లస్ ఆంత్రాసిస్‌లోనూ ఫాస్ఫేటు బదిలీ శ్రేణి, స్పో-0ఎ, సిగ్మా కారకాల వరుస ప్రధానంగా ఇదే విధంగా ఉంటాయి. భేదమల్లా నిర్ణయం జరిగే సందర్భంలో ఉన్నది. ఈ బాక్టీరియాకు రెండు ప్లాస్మిడ్లు కలవు. మొదటిదానిలో విషం తయారుచేసే జన్యువులు, రెండవదానిలో కణం చుట్టూ గుళిక కట్టే జన్యువులు ఉన్నాయి. పశువు శరీరంలోని వెచ్చదనం, బొగ్గుపులుసు వాయువు ఉన్న స్థితిలో ఎటిఎక్స్-ఎ అనే నియంత్రకం ఈ జన్యువులను ప్రేరేపిస్తుంది. అప్పుడు బాక్టీరియా రక్తంలో విపరీతంగా వృద్ధి చెందుతుంది గాని సిద్ధబీజాలుగా మారదు. ప్లాస్మిడ్లపై గల రెండు చిన్న జన్యువుల ఉత్పత్తులు, కైనేజుకు చేరవలసిన సంకేతాన్ని తామే అందుకొని సిద్ధబీజోత్పత్తిని అణచగలవని 2006లో ప్రకటించారు. అనగా జీవించి ఉన్న పశువులో బాక్టీరియా ఒక జన్యు కార్యక్రమాన్ని, బయట గాలిలో మరొక కార్యక్రమాన్ని నడుపుతుంది.

రెండవ కార్యక్రమానికి ఆక్సిజన్ కావాలి. పొరలు కట్టడానికి కావలసిన శక్తి శ్వాసక్రియ నుండి వస్తుంది. బాసిల్లస్ సబ్టిలిస్‌లో కూడా సిట్రిక్ ఆమ్ల వలయం సరిగా సాగని ఉత్పరివర్తకాలు సిద్ధబీజాలను ఏర్పరచలేవు. చనిపోయిన పశువు కళేబరం మూసి ఉన్నంత వరకు లోపల ఆక్సిజన్ ఉండదు. లోపలి ఆంత్రాక్స్ కణాలు సిద్ధబీజాలు కాలేక, కుళ్ళు బాక్టీరియాల పోటీకి తట్టుకోలేక కొద్ది రోజులలో నశిస్తాయి. కళేబరాన్ని కోసినా, కుక్కలు చీల్చినా, ముక్కు, మలద్వారాల నుండి రక్తం కారినా, గాలి తగిలిన కణాలు సిద్ధబీజాలుగా మారి నేలలో చేరతాయి. అక్కడ అవి దశాబ్దాల పాటు నిలువగలవు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో

దక్షిణ రాయలసీమ వర్షాధార ప్రాంతం. వేరుశనగ సాగుతో పాటు గొర్రెలు, మేకల పెంపకం ఇక్కడి కుటుంబాలకు ఆధారం. పూర్వపు చిత్తూరు జిల్లాలో పశువులలోను, మనుషులలోను ఆంత్రాక్స్ నమోదైనది. ఆ జిల్లాలోని ముసలిమడుగు గ్రామంలో 2011 జూలై, ఆగస్టు నెలలలో మనుషులకు చర్మ ఆంత్రాక్స్ సోకిన ఉదంతం వైద్య పత్రికలో ప్రచురితమైనది. (2022 ఏప్రిల్ 4న పూర్వపు చిత్తూరు జిల్లా నుండి కొంత భాగం తిరుపతి జిల్లాలో చేరినది.) సరిహద్దుకు ఆవల ఉన్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు కూడా దక్షిణ భారతదేశంలో మనుషులకు సోకే ఆంత్రాక్స్ గురించి నివేదించారు.

మనుషులకు ఈ వ్యాధి ఎక్కువగా చర్మం ద్వారా సోకుతుంది. చనిపోయిన జీవాన్ని కోసేటపుడు, తోలు తీసేటపుడు, మాంసం కడిగేటపుడు చేతులపై ఉన్న చిన్న గాయం చాలు. మొదట దురదతో కూడిన పొక్కు లేచి, తరువాత నొప్పి లేని పుండై, దానిపై నల్లని పక్కు కడుతుంది. గ్రీకు భాషలో ఆంత్రాక్స్ అనగా బొగ్గు. ఈ నల్లని పక్కు వలననే ఆ పేరు వచ్చినది. సకాలంలో యాంటీబయోటిక్ మందులు వాడితే చర్మ ఆంత్రాక్స్ నయమవుతుంది. మాంసం తినడం వలన పేగులకు, సిద్ధబీజాలను పీల్చడం వలన ఊపిరితిత్తులకు సోకే రకాలు, మెదడు పొరలకు పాకే రకం ప్రాణాంతకమైనవి.

ఒక గొర్రె హఠాత్తుగా చనిపోతే దాని వెల కుటుంబానికి పెద్ద నష్టం. మాంసాన్ని అమ్మియో, పంచుకొనియో కొంతైనా రాబట్టుకొనవలెనని అనిపించడం సహజం. అయితే కత్తి పెట్టిన చోటనే సిద్ధబీజోత్పత్తికి కావలసిన గాలి లోపలికి చేరుతుంది. వంట వేడికి మామూలు కణాలు చస్తాయి గాని, సిద్ధబీజాలు చస్తాయన్న నమ్మకం లేదు. కోసిన చోట, కడిగిన నీరు పారిన చోట నేల కలుషితమై, రాబోయే సంవత్సరాలలో అదే బీటిలో మేసే మందకు ముప్పు తెస్తుంది. ఆనాడు మిగిలిన కొద్ది రూపాయలకు ప్రతిగా ఊరి మేతభూమి ప్రమాదంలో పడుతుంది.

కళేబరం విషయంలో పాటించవలసినవి

* హఠాత్తుగా చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారాల నుండి గడ్డకట్టని నల్లని రక్తం కారుతున్న జీవాన్ని కోయరాదు, తోలు తీయరాదు, తినరాదు.
* వెంటనే పశువైద్యశాలకు తెలియజేయాలి. ఆంత్రాక్స్ అని అనుమానం ఉన్నచోట పశువైద్యులు శవపరీక్ష చేయరు. చెవి సిర నుండి తీసిన రక్తపు చుక్కను గాజు పలకపై పూసి, రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు.
* కళేబరాన్ని పూర్తిగా దహనం చేయడం ఉత్తమం. వీలుకానిచోట చెరువులు, బావులు, వంకలకు దూరంగా లోతైన గోతిలో, కుక్కలు తవ్వలేని విధంగా పూడ్చాలి.
* కళేబరాన్ని తాకినవారికి చర్మంపై పొక్కులు వస్తే వెంటనే వైద్యుని సంప్రదించి, పశువు చనిపోయిన సంగతి చెప్పాలి.

ఆక్సిజన్ అవసరమన్న ఈ నియమం అన్ని సిద్ధబీజ బాక్టీరియాలకు వర్తించదు. జబ్బవాపు, చిటుకు రోగం, ధనుర్వాతం కలిగించే క్లాస్ట్రిడియమ్ బాక్టీరియాలు గాలి లేనిచోటనే పెరిగి, గాలి లేకుండానే సిద్ధబీజాలను ఏర్పరుస్తాయి. వాటిలో స్పో-0ఎ ఉన్నది గాని బాసిల్లస్‌లోని స్పో-0ఎఫ్, స్పో-0బి మెట్లు లేవు. కైనేజులు స్పో-0ఎకు నేరుగా ఫాస్ఫేటును అందిస్తాయి.

టీకా

ఆంత్రాక్స్ నివారణకు పశువులకు వేసే టీకా కూడా సిద్ధబీజాలతో చేసినదే. 1937లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ గుళిక కట్టలేని ఒక రకాన్ని వేరుచేశాడు. దానిలో గుళిక జన్యువులు గల రెండవ ప్లాస్మిడ్ లేదు. అందుచేత అది పశువుకు సాధారణంగా వ్యాధి కలిగించదు. సిద్ధబీజోత్పత్తి జన్యువులు క్రోమోజోముపై ఉన్నందున అవి చెక్కుచెదరలేదు. కనుక ఈ రకం నుండి సిద్ధబీజాలను తయారుచేసి, చాలా కాలం నిల్వ ఉంచి, దూరప్రాంతాలకు పంపవచ్చు. శరీరంలో అవి మొలకెత్తి రోగనిరోధక శక్తిని కలిగిస్తాయి. వ్యాధిని నేలలో నిలిపే గుణమే ఇక్కడ టీకాను సీసాలో నిలుపుతున్నది.

చిత్తూరుకు సమీపంలో, తమిళనాడులోని రాణిపేటలో 1932లో స్థాపించిన పశురోగ నివారణ సంస్థ ఆంత్రాక్స్ సిద్ధబీజ టీకాను తయారుచేస్తుంది. తిరుపతిలో 1955లో నెలకొల్పిన పశువైద్య కళాశాల, 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైనది. వ్యాధి కనబడిన గ్రామాలలో, చుట్టుప్రక్కల ఊళ్ళలో ఏటా టీకా వేయించడం అవసరం. నేలలో ఉన్న సిద్ధబీజాలను ఏరివేయడం సాధ్యం కాదు గాని, మందకు రక్షణ కల్పించడం, కొత్త సిద్ధబీజాలు ఏర్పడకుండా కళేబరాన్ని మూసి ఉంచడం సాధ్యమే.

ఇవి కూడా చూడండి

* ఆంత్రాక్స్
* బాక్టీరియా
* జన్యువు
* రాబర్ట్ కోఖ్
* ధనుర్వాతం
* చిత్తూరు జిల్లా